పొత్తుల బాయి

కమలవ్వ ఇంటికి ఎవరు వెళ్లినా మంచినీళ్లు సగం గ్లాసే ఇస్తుంది. తాగి ఇంకా కావాలంటే మళ్లీ సగం పోస్తుంది. ఆపైన కావాలన్నా అంతే. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు కానీ నిండు గ్లాసు మాత్రం చేతికి రాదు. మన వైపు ఇంటికి వచ్చిన మనిషికి చెంబు నిండా నీళ్లివ్వడం మర్యాద. వచ్చిన మనిషి రెండు గుక్కలు తాగి మిగతావి వాకిట్లో ఒంపేయడం కూడా ఆ మర్యాదలో భాగమే అన్నట్టు నడిచిపోతోంది. ఆ ఒంపేయడం చూస్తే ఆమెకు ఒళ్లు మంట. కూతురు నవత పెళ్లి మాటలకు వచ్చిన వియ్యంకుడు సగం గ్లాసు చూసి మొహం ముడుచుకున్నాడు. నీళ్లకే ఇంత కరువైతే అన్నానికి ఎంత కరువో అని పక్కవాళ్లతో గొణిగాడు కూడా. ఆ పూట ఆయన విస్తట్లో మూడు కూరలు, పచ్చిపులుసు, రెండు పచ్చళ్లు పడ్డాయి. మూడు కూరలూ పెరట్లోవే. ఇప్పుడాయన వచ్చిన ప్రతిసారీ సంచి నిండా బీరకాయలు మోసుకుపోతాడు, గ్లాసు సంగతి మాత్రం ఎత్తడు.

కమలవ్వది సిరిసిల్లలో నేతవాళ్ల వాడ. మరమగ్గాలను అక్కడ సాంచెలు అంటారు. పొద్దున లేచింది మొదలు సాంచెల చప్పుడులోనే వాళ్లు మాట్లాడుకుంటారు, పిల్లల్ని నిద్రపుచ్చుతారు, పోట్లాడుకుంటారు. ఆమె భర్త లక్ష్మీరాజం ఇంటి ఆవరణలో రేకుల షెడ్డు వేసి నాలుగు సాంచెలు నడుపుతాడు. నూలు ఇచ్చేది ఆసామి, బట్ట తీసుకునేదీ ఆసామే. లక్ష్మీరాజానికి కావలసిన కండెలు, అంటే నూలు చుట్టే చిన్న గొట్టాలు, కమలవ్వ చుట్టి పెడుతుంది. చేయి ఖాళీ దొరికితే చేట ముందేసుకుని బీడీలు చుడుతుంది. యాభై అయిదేళ్లు దాటినా ఆమె ఊరికే కూర్చోగా చూసినవాళ్లు లేరు.

షెడ్డు వెనక గుంటెడు కూడా లేని జాగలో ఆమె తోట. వంగ, మిరప, బీర తీగ, చేమ, రెండు అరటి చెట్లు, ఒక కరివేపాకు, బతుకమ్మ నాటికి పూసే బంతి. అంత తోటకు ఆమె విడిగా నీళ్లు పెట్టదంటే నమ్మాలనిపించదు. ఆ ఇంట్లో నీళ్లు ఒకసారి వాడితే వాటి పని అయిపోయినట్టు కాదు. స్నానం చేసే, గిన్నెలు తోమే బండను అక్కడ జాలాడి అంటారు. ఆమె జాలాడి నుంచి చిన్న కాలువ తీసి అరటికీ చేమకూ పారించింది. ఆ నీళ్లు చెట్లకు పోవాలని గిన్నెలు ఇప్పటికీ బూడిదతోనే తోముతుంది. బియ్యం కడిగిన మొదటి నీళ్లు ఎదురింటి బర్రె కుడితిలోకి, రెండోసారి కడిగినవి వంగ మొదట్లోకి పోతాయి. బీర తీగల పక్కన కాల్చిన మట్టికుండలు మెడ వరకు పాతిపెట్టింది. మూడు రోజులకోసారి ఆ కుండలు నింపి మూత పెడుతుంది. కుండలోంచి ఊరే తడి తీగకు సరిపోతుంది.

ఇంకో పని ఉంది, అది చూసి వాడలో నవ్వని వాళ్లు లేరు. బీడీలు చుట్టే ప్రతి ఇంట్లోనూ తునికాకు కత్తిరించగా ముక్కలు మిగులుతాయి. అవి పొయ్యిలోకో మురికి కాలువలోకో పోతాయి. కమలవ్వ గంప చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఆ ముక్కలు అడిగి తెచ్చుకుంటుంది. తెచ్చి మొక్కల మొదళ్లలో జానెడు మందం పరుస్తుంది. మే నెల మధ్యాహ్నం ఆ ఆకు ఎత్తి చూస్తే కింద మట్టి చల్లగా, చేతికి అంటుకునేంత తడిగా ఉంటుంది. అడుక్కునే ఖర్మేంటని నవ్వినవాళ్లే ఎండాకాలంలో కూరగాయలు కొనబోయే ముందు ఒకసారి ఆమె గోడ మీదుగా తొంగి చూస్తారు. వెనకాల మాత్రం నీళ్ల పిసినారి అనే అంటారు. ఆ మాట ఆమె చెవిన పడ్డా కోపం రాదు. అందులో అబద్ధం ఏముందని అడుగుతుంది.

పదహారేళ్ల వయసులో ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు నల్లాలు లేవు. ఇంటి నీళ్లన్నీ ఆవరణలోని చేదబావివే. అత్త కుంపటి దగ్గర కూర్చుని బకెట్లు లెక్కపెట్టేది, కోడలు తాడు లాగేది. మొదటి నెలంతా అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేక ఏడ్చింది. బొబ్బలు కాయలయ్యాక ఏడుపు మానింది. అప్పుడు పట్టుకున్న లెక్క ఇంకా వదల్లేదు. ఎవరైనా బకెట్టెడు నీళ్లు వాకిట్లో గుమ్మరిస్తే, ఆ బకెట్టు ఎన్ని బారల తాడో ఆమె చేతులకు గుర్తొస్తుంది.

ఆ బావి పొత్తుల బావి. మామ ఇద్దరు కొడుకులకూ ఆవరణ పంచినప్పుడు సరిహద్దు సరిగ్గా బావి మీదుగా వచ్చింది. బావిని కోసి పంచలేడు కాబట్టి ఇద్దరికీ పొత్తుగా ఉంచి పోయాడు. అందుకే దాని పేరు పొత్తుల బాయి అయింది. పదిహేను వరుసల రాతికట్టు, పైన ఇనుప గిరక, అంచున తాడు రాసుకుని అరిగిన గాట్లు. వాడలో అలాంటి బావులు ఏడుండేవి. ఇంటింటికీ బోరు పడ్డాక, నల్లా వచ్చాక ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఎండిన బావి మీద స్లాబు వేసి మరుగుదొడ్డి పైపు అందులోకి వదిలేయడం అందరికీ సులువుగా తోచింది. కొత్తగా గుంత తవ్వే పని తప్పుతుంది, జాగా కలిసొస్తుంది. అలా ఆరు బావులు పోయాయి. మిగిలింది పొత్తుల బాయి ఒక్కటే. అదీ ఎండాకాలం వస్తే అడుగున బురద తప్ప ఏమీ లేకుండా పడి ఉండేది.

ఆమె మరిది పరశురాములు ఎనిమిదేళ్లు దుబాయిలో ఉండి, మూడేళ్ల కింద తిరిగొచ్చాడు. తన వంతు జాగలో ఇల్లు మొదలుపెట్టాడు. అందరికంటే ముందు బోరు వేయించాడు. ఆ బోరు వానాకాలమంతా బాగా పోసేది, చలి తగ్గేసరికి గాలి కొట్టేది. పరశురాములు చెడ్డవాడు కాదు. కమలవ్వ కాపురానికి వచ్చేనాటికి ఆరేళ్లవాడు. తల్లి దగ్గరకంటే వదిన దగ్గరే ఎక్కువ తిన్నాడు. దుబాయి నుంచి ఫోను చేసినప్పుడు కూడా ముందు వదినను అడిగి ఆ తర్వాతే అన్నను అడిగేవాడు. కానీ ఇల్లు కట్టే మనిషికి కళ్లముందు ఇల్లు తప్ప ఏదీ కనపడదు. ముందు వైపు మెట్లు రావాలి, అక్కడ పాయఖానా గుంత పెడితే మెట్లకు జాగ లేదు. వెనక బావి ఉండనే ఉంది. ఒకరోజు వచ్చి అరుగు మీద కూర్చుని నెమ్మదిగా విషయం కదిపాడు.

"ఎండిన బాయిని పెట్టుకొని ఏం జేస్తం వదినా? స్లాబు ఏసి నా పైపు అండ్ల ఇడుస్త. మీ పైపు గూడ ఇడువున్రి. ఇద్దరికి పనికొస్తది" అన్నాడు.

కమలవ్వ బావి వైపు చూసింది. ఆ బావి నీళ్లతో ఆమె ఇద్దరు పిల్లలకు పురిటి స్నానాలు పోసింది, చివరిసారి అత్త గొంతు తడిపింది. అందులోకి ఇప్పుడు మలం వదులుతారట. ఒక్కసారి అలా వదిలితే మళ్లీ ఎన్నటికీ అది బావి కాదు. ఏడిస్తే మరిది కరుగుతాడని తెలుసు. కానీ ఏడ్చి గెలిచింది నిలవదని కూడా ఆమెకు తెలుసు. ఒక్క వానాకాలం ఆగమంది. షెడ్డు రేకుల మీద పడే వాన నీళ్లన్నీ బావిలోకి దించుతానంది. పరశురాములు నవ్వి, వదిన మాట తీసేయలేక ఒప్పుకున్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు.

"వచ్చే ఎండకాలంల గీ బాయి మనకు అక్కరకొస్తే ఉంచుదాం. రాకపోతే నా మాట నువ్వు ఇనాలె."

ఆమె సరేనంది. పొదుపుగా నీళ్లు వాడే మనిషి మాట కూడా పొదుపుగానే ఇస్తుంది, ఇస్తే తప్పదు. ఆ సంగతి పరశురాములుకు బాగా తెలుసు.

మేస్త్రీ హనుమండ్లును పిలిపించి బావి పక్కన నడుము లోతు గుంత కట్టించింది. అడుగున పెద్ద కంకర, మీద బొగ్గు, ఆ మీద కడిగిన ఇసుక. రేకుల చివర తగరం దోనె బిగించి పైపు గుంతలోకి దించారు. ఇసుకలోంచి వడిసిన నీళ్లు అడుగు గొట్టం గుండా బావిలోకి పడాలి. ఇసుకను ఆమె తానే మూడుసార్లు కడిగింది. ఆ కడిగిన నీళ్లు కూడా పారబోయకుండా మిరప మడిలోకి పంపింది. మొదటి వాన కోసం వాడలో ఎవరూ చూడనంతగా ఎదురుచూసింది.

ఆ వాన ఒక మధ్యాహ్నం దంచి కొట్టింది. కమలవ్వ బావి గట్టు మీద తడుస్తూ నిలబడింది. కాసేపు సన్నటి ధార బావిలోకి పడింది. తర్వాత ధార తగ్గింది, తర్వాత ఆగిపోయింది. ఆమె గుంత వైపు చూసేసరికి గుంత నిండి పొంగుతోంది. పొంగిన నీళ్లు పల్లం ఎటుందో అటే వెళ్లాయి, అంటే తిన్నగా షెడ్డు తలుపు కిందికి. లోపల లక్ష్మీరాజం కేక వినపడింది. ఆమె వెళ్లేసరికి నేల మీద దించి ఉంచిన రెండు భీములు, అంటే సాంచెకు ఎక్కించే పడుగు చుట్టలు, సగం వరకు నానిపోయాయి. గంజి పెట్టిన నూలు తడిస్తే పోగుకు పోగు అతుక్కుపోతుంది. పైగా అది ఆసామి నూలు.

గుంతలో చేయి పెట్టి చూస్తే ఇసుక మీద బూడిదరంగు కంబళి పరిచినట్టు మందపాటి పొర. నూలు దుమ్ము. నాలుగు సాంచెలు ఎండాకాలమంతా కిటికీలోంచి కక్కిన దుమ్మంతా రేకుల మీద పేరుకుని, మొదటి వానకే కొట్టుకొచ్చి ఇసుకను మూసేసింది. నేతపని చేసేవాళ్ల ఇంట తప్ప ఇంకెక్కడా జరగని పొరపాటు అది. పోనీ తెలియని మనిషా అంటే, ఆ షెడ్డు నేల మీద దుమ్మును రోజుకు రెండుసార్లు ఊడ్చేది ఆమే. కింద ఊడ్చిన చేతికి పైన ఏముందో గుర్తు రాలేదు. ఆ తప్పు తనదేనని వాడంతా వినేలా తానే చెప్పింది.

లక్ష్మీరాజం తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఆమె తర్వాత నవతతో అంది. మూడు రోజులు ఆయన నానిన పడుగు ముందు కూర్చుని ఒక్కో పోగు విడదీశాడు. పలకరిస్తే పలకలేదు, అన్నం పెట్టిన చోట తిని లేచేవాడు. పరశురాములు వచ్చి చూసి, చేసిన ప్రయత్నం చాలు, ఇక వదిలెయ్యమని మెల్లగా చెప్పి వెళ్లాడు. కమలవ్వకు మొదటిసారి భయం వేసింది. బావి పోతుందని ఒక భయం. తన మొండితనం వల్ల ఇంట్లో మనిషితో మాటే లేకుండా పోతుందేమోనని అంతకంటే పెద్ద భయం.

నాలుగో రోజు పొద్దున ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని, నిచ్చెన వేసుకుని, చీపురుతో షెడ్డు ఎక్కింది. యాభై అయిదేళ్ల ఆడమనిషి రేకుల మీద మేకుల వరుస పట్టుకుని పాకుతూ ఊడుస్తుంటే వాడవాడంతా బయటికొచ్చి చూసింది. మూడు గంపల దుమ్ము దించింది. తర్వాత హనుమండ్లును పిలిచి పైపుకు పక్కన ఇంకో మూతి పెట్టించింది. మొదటి రెండు వానలకు ఆ మూతి తెరిచి ఉంటుంది, మురికి నీళ్లన్నీ అరటి పాదులోకి పోతాయి. రేకులు కడిగినట్టయ్యాక దాన్ని మూసి గుంతలోకి మళ్లిస్తుంది. అయినా సాంచెలు రోజూ నడుస్తాయి, దుమ్ము రోజూ లేస్తుంది. ఎంత ఊడ్చినా కొంత వస్తూనే ఉంటుంది. దానికేం చేయాలో ఆమెకు తోచలేదు.

ఆ సాయంత్రం లక్ష్మీరాజం షెడ్డులోంచి వచ్చి ఆమె పక్కన రెండు సంచులు పెట్టాడు. విడదీయగా పనికిరాకుండా పోయిన పడుగు కొనలను సాంచెకు ఎక్కించి, పోగు పోగుకు మధ్య సందు వదిలి జల్లెడలాంటి బట్ట నేశాడు. దాన్నే సంచుల్లా కుట్టాడు.

"పైపు మూతికి కట్టు. దుమ్ము గీండ్ల ఆగుతది. ఒకటి ఉతికినప్పుడు ఇంకోటి" అన్నాడు.

మూడు రోజుల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాటలు అవి. కమలవ్వ సంచి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది, కళ్లలో నీళ్లు ఆపుకోలేకపోయింది. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన ఆమె కోసం చీరలు నేశాడు కానీ ఏ చీరా ఆమెకు అంత నచ్చలేదు.

ఆ వానాకాలమంతా ఆదివారం ఆదివారం రేకులు ఊడ్చింది. వాన వెలిసిన ప్రతిసారీ సంచి విప్పి, ఉతికి, ఆరేసి, రెండోది కట్టింది. ఉతికిన నీళ్లు ఎక్కడికి పోయాయో చెప్పనక్కర్లేదు. బావిలో నీళ్లు ఒక్కో రాతి వరుస ఎక్కుతూ వచ్చాయి. దసరా నాటికి తొమ్మిది వరుసలు మునిగాయి. పైనుంచి చూస్తే లోపల ఆకాశం కనపడేది. చూపు మందగించి వరుసలు లెక్కపెట్టడం కష్టమయ్యాక ఆమె ఒక ఉపాయం చేసింది. ఖాళీ కండెను దారానికి కట్టి నీళ్లను తాకేదాకా దించి, దారం పై కొసను గిరక స్తంభానికి ముడేసింది. పొద్దున వచ్చి చూస్తే నీళ్లు ఎంత తగ్గాయో, ఎంత ఎక్కాయో కండె చెబుతుంది.

ఎండలు ముదిరాయి. అందరూ అనుకున్నట్టు బావి ఎండలేదు, ఏప్రిల్లో కూడా అయిదు వరుసల నీళ్లు నిలిచాయి. కమలవ్వ గెలిచినట్టే అనుకోవాలి. కానీ అక్కడే తిరకాసు వచ్చి పడింది. ఆ ఏడు పరశురాములు బోరు కూడా ఎండలేదు. చలి పోతే గాలి కొట్టే బోరు, నడి ఎండాకాలంలో పిడికిలి మందం ధార పోసింది. పరశురాములు సంతోషానికి పట్టపగ్గాలు లేవు. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని బోరుకు జాగ చూపించిన మనిషిని ఇంటికి పిలిచి కోడిపులుసుతో భోజనం పెట్టాడు. తాగడానికి టిన్ను నీళ్లు ఎటూ కొంటారు, వాడకానికి బోరు ఉంది, అన్నా వదినలకు కూడా తన బోరు నుంచే పైపు ఇస్తానన్నాడు. ఇక బావి ఎవరికి అక్కర? షరతు ప్రకారం చూస్తే అతని మాటలో తప్పు లేదు. బావి ఎండలేదు నిజమే కానీ అక్కరకూ రాలేదు. సోమవారం నాడు స్లాబు పని పెట్టుకుంటున్నానని చెప్పి వెళ్లాడు.

అప్పటికే కమలవ్వకు ఒక సంగతి తెలుసు. ఫిబ్రవరి నెలలోనే కండె ఆమెకు దాన్ని చూపించింది. తాను ఒక్క బకెట్టు చేదని రోజు కూడా మధ్యాహ్నానికి కండె గాలిలో వేలాడుతూ కనపడేది, సాయంత్రానికి మళ్లీ నీళ్లను తాకేది. మొదట బావికి ఎక్కడో పగులు పడిందని భయపడింది. తర్వాత ఎవరైనా చాటుగా చేదుతున్నారా అని గట్టు మీద తడి కోసం వెతికింది. వారం రోజులు బీడీల చేట గట్టు మీదే పెట్టుకుని కూర్చుంటే సంగతి బయటపడింది. పరశురాములు కట్టే గోడలకు నీళ్లు కొట్టడానికి మోటరు వేసినప్పుడల్లా బావి నీళ్లు దిగుతున్నాయి. మోటరు ఆగితే నెమ్మదిగా ఎక్కుతున్నాయి. బోరుకూ బావికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేదు. ఆమె రేకుల మీద నుంచి దించిన వాన రాళ్ల సందుల్లోంచి నడిచి మరిది బోరులోకి చేరుతోంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, లక్ష్మీరాజానికి కూడా.

సోమవారం పొద్దున్నే హనుమండ్లు లావుపాటి పైపు భుజాన వేసుకుని వచ్చాడు. ఏడాది కింద అదే చేత్తో ఇసుక గుంత కట్టినవాడు కావడంతో కమలవ్వ వైపు చూడలేక పైపును గోడకు ఆనించి తల గోక్కుంటూ నిలబడ్డాడు. పరశురాములు, అతని భార్య రమ వచ్చారు. చప్పుడు విని లక్ష్మీరాజం సాంచెలు ఆపి బయటికొచ్చాడు. సాంచెలు ఆగితే ఆ వాడలో ఏదో జరిగిందనే అర్థం. నలుగురు మనుషులు గోడల మీద చేరారు.

కమలవ్వ ఎవరినీ అడ్డుకోలేదు. స్లాబు వేసే ముందు తనకోసం ఒక గంట మోటరు నడపమని మాత్రం అడిగింది. ఎలాగూ గోడలకు నీళ్లు కొట్టాలి కదా అంది. పరశురాములుకు అర్థం కాకపోయినా వెళ్లి స్విచ్ వేశాడు. బోరు ధార కొత్త గోడల మీద పడసాగింది. ఆమె అతన్ని బావి గట్టు దగ్గరికి పిలిచి, కండెను నీళ్ల మీదికి దించి, అతని చేతనే దారం స్తంభానికి ముడి వేయించింది. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఆమె బీడీలు చుట్టుకుంటోంది. అతను మొదట పనివాళ్లకు సైగలు చేస్తూ, ఫోను చూసుకుంటూ గడిపాడు. కొంతసేపటికి ఎండ సూటిగా బావిలోకి దిగింది. తొంగి చూసినవాడు చూసినట్టే ఉండిపోయాడు.

కండె నీళ్ల మీద లేదు. నీళ్లకు జానెడు ఎత్తున, గాలిలో మెల్లగా తిరుగుతోంది. దాని కింద రాతి మీద జానెడు మేర తడి మెరుస్తోంది.

"నేనైతే చేదలే. నువ్వు నా పక్కన్నే కూసున్నవు" అంది కమలవ్వ.

పరశురాములు బావిలోకి చూశాడు. తల ఎత్తి గోడల మీద పడుతున్న ధార వైపు చూశాడు. మళ్లీ బావిలోకి చూశాడు. అతని మొహంలో రంగు మారడం గోడల మీదివాళ్లకు కూడా కనపడింది. రమకు ఇంకా ముందే అర్థమైంది. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనించిన పైపు వైపు చూస్తోంది.

"గా పైపు గీండ్ల ఇడిస్తే రమ దేనితోని బియ్యం కడుగుతదో ఒకసారి ఆలోచన చెయ్యి. తర్వాత నీ ఇష్టం. నీకు మాట ఇచ్చిన, నేను అడ్డం రాను."

ఆమె ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంది. పరశురాములు లేచి వెళ్లి మోటరు ఆపాడు. తిరిగొచ్చి గట్టు మీద అదే చోట కూర్చున్నాడు, ఈసారి ఫోను తీయలేదు. హనుమండ్లు వచ్చి ఏం చేయమంటావని అడిగితే ముందు వైపు మెట్లు పక్కకు జరిపి గుంత అక్కడే తవ్వమన్నాడు. ఆ మెట్ల కోసం దుబాయిలో ఉండగానే ఫోటోలు తీసి పెట్టుకున్న మనిషి అతను. హనుమండ్లు పైపు భుజాన వేసుకుని ముందు వాకిట్లోకి నడిచాడు. చూడవచ్చినవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు. లక్ష్మీరాజం షెడ్డులోకి వెళ్లినా సాంచెలు మాత్రం వెంటనే వేయలేదు.

నీళ్లు ఎక్కడం మొదలైంది. మిగతా ఆకులు చుట్టడం అయ్యాక కమలవ్వ చేట దులుపుకుని లేవబోయింది. పరశురాములు తల ఎత్తకుండానే అడిగాడు.

"నా బోర్లకు గీ నీళ్లే వస్తున్నయని నీకు ముందుగాలనే ఎరుకనా వదినా?"

"రెండు నెల్లసంది ఎరుకే."

"మరి ఒక్కపారి గూడ చెప్పకపోతివి. నేను గా కొబ్బరికాయ మనిషికి దావతిచ్చిన. గోడలకు దినాం ఇష్టమొచ్చినట్టు కొట్టిన. నీ ఇంట్ల గిలాసకు సగం పోస్తవు, నన్ను ఎందుకు అడగలే?"

కమలవ్వ చేటలో అంటుకున్న ఆకు ముక్కలు ఏరి ఒళ్లో వేసుకుంది.

"నీ ఇంటికే పోయినయ్ గదరా. పరాయోని ఇంటికి పోయినయా, అడగనీకె?"

పరశురాములు మొహం పక్కకు తిప్పుకున్నాడు. లేచి, తన కొత్త ఇంటి స్లాబు మీది వాన నీళ్లు ఏ మూలకు దిగుతాయో చూడాలి, ఒకసారి రమ్మని ఆమెను పిలిచాడు. ఆమె ఆకు ముక్కలు వంగ మొదట్లో వేసి, చేతులు దులుపుకుని, అతని వెనకే నిచ్చెన వైపు నడిచింది.